పూచీ ఎవరిది?

మన తెలుగులో అప్పునకు పేర్లు చాల కలవు. వ్రాతకోతలు లేక, వడ్డీ లేక, ప్రొద్దున పుచ్చుకొని సాయంత్రమో, సంతనాడో తిరిగి యిచ్చునది చేబదులు. కాగితము వ్రాసి, సాక్షుల నుంచి, వడ్డీకి తెచ్చుకొనునది అప్పు. నగయో, పాత్రయో కుదువపెట్టి తెచ్చుకొనునది తాకట్టు. వీనితోబాటు మరియొక మాట కలదు, అది పూచీ. "ఇతడు తీర్చకున్నచో నేను తీర్తును" అని మూడవవాడు వచ్చి అప్పిచ్చువాని యెదుట నిలుచుట పూచీ. వడ్డీ న్యాయమా, అన్యాయమా యని పెద్దలు ఎంతయో చర్చించినారు. పూచీని గూర్చి అంత చర్చ జరిగినట్లు లేదు. ఇంటి పత్రములు సరిగా లేనివానికి, జీతపు చీటీ లేనివానికి, బ్యాంకు బల్ల యెదుట చూపుటకు ఏమియు లేనివానికి పూచీ పడవలసినవా రెవరు? బంధువులా? భాషవారా? ఊరివారా?

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి రాలేదు. మా సంఘపు సహాయనిధి కమిటీలో వచ్చినది.

మా సంఘము తమిళనాట నొక చిన్న పట్టణమున నున్నది. మా పెద్దలు కొన్ని తరములకు పూర్వము మగ్గములతో ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాకు పుట్టుకతో వచ్చినవి. సహాయనిధి పెద్దదేమియు కాదు. ఉగాదినాడు కుటుంబమున కింతయని వేసికొను చందాలు, పెండ్లిండ్లలో పెద్దలు చదివించు మొత్తములు, అప్పులు తీరగా తిరిగి వచ్చు సొమ్ము, ఇంతే. దీనినుండి పిల్లల చదువునకును, ఇల్లు బాగుచేసికొనుటకును, చిన్న అంగడి పెట్టుకొనుటకును అప్పు లిత్తుము. లెక్కల ఖర్చులకును, మునిగిపోవు బాకీలకును సరిపడు స్వల్పమైన వడ్డీ తప్ప లాభమన్నది లేదు. ఉన్నను ఎవరును పంచుకొనరు. నిబంధనల పుస్తకములో మూడవది మాత్రము స్పష్టముగా నున్నది: తెలుగు మాతృభాషగా గల సభ్య కుటుంబములకు మాత్రమే.

గడచిన సంవత్సరము మా వీధిలోని ఒకామె దరఖాస్తు పెట్టుకొన్నది. ఇంటి అరుగుమీద ఉదయమున ఇడ్లీలు, సాయంత్రము వడలు చేసి అమ్ముకొని బ్రతుకుచున్నది. నాటుపెంకుల ఇల్లు. ఉత్తరపు వైపు దూలమునకు చెదలు పట్టి, పెంకులు కుంగినవి. దూలము, పెంకులు, కూలి కలిపి 80 వేల రూపాయలు కావలెను. ఇల్లు తనదే గాని పట్టా ఆమె మామగారి తండ్రి పేరనే నిలిచిపోయినది. ఆయనకు వారసులు నలుగురు, ఒక్కొక్కరు ఒక్కొక్క ఊర నున్నారు. బ్యాంకువారు మర్యాదగానే మాటలాడి పంపివేసినారు. వారిని తప్పు పట్టుటకు లేదు. పేరు లేని పట్టామీద వారెట్లు ఇత్తురు? ఇక మిగిలినది వీధిలో తిరుగు వడ్డీవాడు. తమిళులు దీనిని కందువడ్డీ యందురు. ఆ కందు మన కంతు ఒక్కటే. వేయి రూపాయలని చెప్పి, వడ్డీ ముందుగనే పట్టుకొని, మిగిలినది చేతబెట్టి, దినదినము కంతు వసూలు చేయుట వాని పద్ధతి. ఇట్టి దారుణపు వడ్డీలను నిషేధించుచు తమిళనాట 2003లో చట్టము వచ్చినది. చట్టము వడ్డీవాని చేయి పట్టుకొనగలదు గాని, దూలము మార్చుటకు డబ్బీయలేదు గదా!

ఆమె మాతృభాష తమిళము. మూడు తరములుగా మా నడుమ నుండుటచే మా తెలుగు చక్కగా మాటలాడును; నిజము చెప్పవలెనన్న, మా పిల్లలలో కొందరికంటె బాగుగా మాటలాడును.

కమిటీలో అయిదుగురము. ఇద్దరు ఇయ్యవలె ననిరి, ఇద్దరు కూడ దనిరి. అధ్యక్షులవారు ఎటును చెప్పక, ఒక ఉపాయము చెప్పినారు. నిబంధనను కదపకుండ, తలకు కొంత వేసికొని, పది పదునైదు వేలు కూడబెట్టి దానముగా ఇచ్చివేసిన తగవు తీరును గదా యని. అందరికిని నచ్చినది. ఆ మాట చెప్పుటకు మమ్ము పంపినారు. ఆమె ఇడ్లీపాత్ర మూత తీయుచునే విని, "వద్దన్నయ్యా. దానం పుచ్చుకుంటే రేపటినుంచి మీ ఇళ్లవాళ్లకు నేను లెక్క అడిగి డబ్బు తీసుకోగలనా? అప్పే ఇప్పించండి. కంతులు కట్టి తీర్చుకుంటాను" అన్నది. మేము మారుమాట లేక తిరిగి వచ్చితిమి.

దానము చేయువానికి ఒక సుఖము కలదు. ఇచ్చిన వెంటనే పని ముగియును. పుచ్చుకొన్నవాడు దానితో దూలము మార్చెనో, పాతబాకీ తీర్చెనో మనము విచారింప నక్కరలేదు. విచారించుట మర్యాదయు కాదు. అప్పు అట్టిది కాదు. తీరువరకు ఆ మనిషిని తలచుకొనుచునే యుండవలెను. పని సాగుచున్నదా, ఇంట జబ్బులేమైన నున్నవా, ఈ నెల కంతు ఎందుకు తప్పినది, వచ్చు నెలలో సగము పుచ్చుకొందుమా, గడువు పెంచుదుమా యని ఆలోచింపవలెను. అంత శ్రమ పడనొల్లకయే కాబోలు, ధర్మబుద్ధి గలవారు పలువురు అప్పుకంటె దానమే మేలని తలచుచుందురు. ఇచ్చి మరచిపోవుట ఉత్తమగుణమని మనకు చిన్ననాటినుండి నేర్పినారు. ఇచ్చినదానితో బాటు పుచ్చుకొన్నవానిని గూడ మరచిపోవుదు మన్న సంగతి మాత్రము ఎవరును చెప్పలేదు.

ఈ విషయమున జర్మనీ దేశపు గ్రామాధికారి యొకరి జీవితము మాకు ఎక్కువ ఆలోచన గలిగించినది. ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ (1818–1888) రైను నదీప్రాంతమున చిన్నచిన్న పల్లెలకు మేయరుగా పని చేసినవాడు. 1846–47 చలికాలమున పంటలు పోయి జనులు ఆకలికి మాడుచుండగా, వైయర్‌బుష్ అను గ్రామమున కలవారిని కూడగట్టి, ధాన్యము తెప్పించి, ఊరుమ్మడిగా రొట్టెల పొయ్యి కట్టించి, బీదలకు రొట్టెలు అరువుపై ఇప్పించెను. తరువాత ఫ్లామ్మర్స్‌ఫెల్డ్ గ్రామమున, పశువుల వర్తకుల బాకీలలో చిక్కిన రైతులకు ఆవులు కొనిపెట్టుటకై 1849లో నొక సంఘము పెట్టించెను. దానికి ఊరి సంపన్నులు పూచీ పడిరి. 1854లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో మరియొకటి వెలసినది. అది అప్పులతో బాటు అనాథబాలల పోషణ, చెరనుండి విడుదలైనవారికి పని చూపుట మొదలగు పుణ్యకార్యములన్నిటిని తలకెత్తుకొన్నది.

ఈ సంఘము లన్నిటిలో కలవారు ఇచ్చువారు, లేనివారు పుచ్చుకొనువారు. ఏండ్లు గడచినకొలది ఇచ్చువారికి విసుగు పుట్టినది. వారు చెడ్డవారు గారు. దయకు అలసట కలదు, అంతే. దయ మీద నిలిపిన సంఘము దయ యున్నంతవరకే నిలుచునని గ్రహించి, రైఫైజెన్ 1864లో పద్ధతి మార్చివేసెను. అప్పు కావలసినవాడు ముందు సభ్యుడు కావలెను. సభ్యుడైన ప్రతివాడు, కలవాడైనను లేనివాడైనను, సంఘపు బాకీలకు తన యావదాస్తితో పూచీ పడవలెను. సంఘము ఒక చిన్న ప్రాంతమును దాటరాదు; ఒకరి నొకరు ఎరిగియుండుటకు అది అవసరము. కార్యవర్గమువారు జీతము పుచ్చుకొనరాదు. మిగులు సొమ్ము సభ్యులు పంచుకొనక, విడదీయరాని నిధిగా నుంచవలెను. అప్పు ఏ పనికో ముందుగా చెప్పవలెను. తీర్చు గడువు ఆ పని ఫలించుటను బట్టి యుండవలెను. నేడు లోకమున పరపతి సంఘము లనబడువానిలో చాలవరకు ఈ పల్లెటూరి యేర్పాటునకు ఋణపడియున్నవి. ఆ మహనీయునికి అప్పటికే చూపు మందగించుచు వచ్చి, వ్రాతపనికి కుమార్తె సాయపడుచుండెడిదట.

యావదాస్తి పూచీ యనిన మాకును మొదట భయమే కలిగినది. ఎవడో ఆవును కొని తీర్చకపోయిన, మన యిల్లు పోవుటయా? కాని ఆలోచింపగా దాని బలమంతయు ఆ భయములోనే యున్నట్లు తోచినది. అప్పిచ్చినవానికి నష్టమేమియు లేనపుడు అతడు తీసికొన్నవాని కష్టమును చూడడు. ఇద్దరును ఒకే పడవలో నున్నపుడు తీసికొన్నవాని ఆవు జబ్బుపడిన, ఇచ్చినవాడును వైద్యుని కొరకు పరుగెత్తును.

ఈ సంగతులు మన దక్షిణదేశమునకు చాల త్వరగా వచ్చినవి. 1892లో మద్రాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ఐరోపా పరపతి సంఘములను పరిశీలించుటకై నియమించిరి. ఆయన నివేదిక రెండు సంపుటములుగా 1895లోను, 1897లోను వెలువడినది; మన దేశమునకు రైఫైజెన్ మార్గమే తగినదని ఆయన అభిప్రాయము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మరుసటి సంవత్సరమే, నేటి కర్ణాటకములోని గదగ జిల్లా కణగినహాళమున సిద్ధనగౌడ పాటీలుగారు గ్రామ సహకార సంఘము స్థాపించిరి. మద్రాసు రాష్ట్ర సహకారోద్యమమునకు వేమవరపు రామదాసు పంతులుగారు చేసిన సేవ తెలుగువారు మరువరానిది.

ఇంత పూనిక జరిగినను ఫలితమేమి? స్వాతంత్ర్యానంతరము 1951–52లో అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన జరిగినది; నివేదిక 1954లో వచ్చినది. పల్లెవాసులు తెచ్చుకొను అప్పులలో సహకార సంఘములనుండి వచ్చునది నూటికి 3 వంతులు మాత్రమేనని తేలినది. వడ్డీ వ్యాపారులనుండియు, వడ్డీకి తిప్పు భూస్వాములనుండియు కలిసి వచ్చునది నూటికి 70 వంతులకు దగ్గరగా నున్నది. ఏబది యేండ్ల శ్రమకు మూడు వంతులు! కారణము లనేకములు. మాకు ముఖ్యముగా తోచునది యొక్కటి. భూమి గలవానికే పూచీ దొరికినది. కౌలుదారునకు, కూలివానికి ఎవరు పూచీ పడుదురు? పలుచోట్ల ఊరి పెద్దయే సంఘమునకు పెద్ద. ఆయన ఎరిగినవారికి ఆయన ఇప్పించెను. ఎరుకయే ఆధారముగా పెట్టిన సంఘములో, ఎవరును ఎరుగనివాడు గుమ్మము బయటనే నిలిచినాడు. మా మూడవ నిబంధనయు ఆ గుమ్మము వంటిదేనా యను సందేహము అప్పుడే మాకు కలిగినది.

ఎరుక లేకుండనే అప్పిత్తము, లెక్కలనుబట్టి యిత్తము అనువారును కలరు. ఆ మార్గము ఎక్కడికి పోవునో అమెరికా దేశపు కథ చూచిన తెలియును. 1933లో, ఇండ్ల మీది అప్పులు తీర్చలేక వీధిపాలగుచున్న గృహస్థులను ఆదుకొనుటకై అక్కడి ప్రభుత్వము ఒక సంస్థను పెట్టినది. మంచి యుద్దేశమే. ఆ సంస్థవారు నగరముల పటములు తయారు చేయించి, వీధులను నాలుగు తరగతులుగా విభజించిరి. అప్పిచ్చుటకు అపాయకరమని తోచిన పేటలకు ఎఱ్ఱరంగు పూసిరి. నల్లజాతివారు నివసించు పేటలు ఇంచుమించుగా అన్నియు ఎఱ్ఱనివే. 1934లో వచ్చిన గృహఋణ భీమా పద్ధతియు ఇట్టి పేటలను దూరముగానే యుంచినది. అప్పు దొరకదు గనుక కప్పు కారును; కప్పు కారును గనుక ఇంటి విలువ తగ్గును; విలువ తగ్గినది గనుక అప్పియ్యరాదన్న మాట నిజమేనని తేలును! ఇంటిలోనివాడు బాకీలు సక్రమముగా తీర్చువాడా, కాడా యని ఎవరును అడుగలేదు. పటము చూచుకొనిరి. ఇట్టి వివక్షను 1968లో చట్టము నిషేధించినది గాని, అప్పటికి ఒక తరము గడచిపోయినది.

ఆ 1968లోనే పిట్స్‌బర్గు నగరమున జరిగిన పని మిక్కిలి గమనింపదగినది. డొరొతీ మే రిచర్డ్‌సన్ అను గృహిణి, నల్లజాతి స్త్రీ, తన పేటలోని ఇండ్లు పాడుపడుచుండుట చూచి ఊరకుండలేకపోయినది. ఇండ్లు పడగొట్టి పేదలను మరియొక చోటికి తరలింతుమని అధికారులు చెప్పుచున్న కాలమది. ఆమె ఇరుగుపొరుగువారిని కూడగట్టి, బ్యాంకుల అధికారులను పేటకు రప్పించి, ఇండ్లు చూపించి, అప్పు తీర్చగల స్తోమత గలవారికి మీ మామూలు పద్ధతిలోనే అప్పిండని అడిగినది. బ్యాంకు కొలతకు అందనివారి మాట ఏమి? వారికై ప్రత్యేకముగా నొక నిధి కూర్చినారు. తీరిన అప్పు మరల మరియొక ఇంటికి పోవునట్లు అది తిరుగుచుండును. కంతులు ఆ గృహస్థుని రాబడిని బట్టి. కార్యవర్గమున పేటవాసులు, బ్యాంకులవారు, నగరపాలకులు కలిసి కూర్చుండిరి. నగరపాలకులు వీధులు బాగుచేయుటకు ఒప్పుకొనిరి. ఆ పద్ధతి ఇతర నగరములకు వ్యాపించి, 1978లో అమెరికా కాంగ్రెసు చట్టముతో దేశవ్యాప్తమైన సంస్థగా రూపొందినది.

ఇందులో మాకు నచ్చినది డబ్బు సంగతి కాదు. బ్యాంకువానిని వీధిలోనికి నడిపించుట. బల్ల యెదుట కూర్చున్నంతవరకు అతనికి కనబడునది పటము. గుమ్మములో నిలుచున్నపుడు కనబడునది ఇల్లు, ఇంటిలోని మనిషి.

ఉత్తర కరొలీనాలోని డర్హము పట్టణమున 1980లో "సెల్ఫ్‌-హెల్ప్" అను లాభాపేక్ష లేని సంస్థ పుట్టినది. దాని ఋణసంఘమునకు మొదటి మూలధనము, మిఠాయిలు చేసి అమ్మగా వచ్చిన 77 డాలర్లట. తరువాత అది చిన్న వ్యాపారులకును, బ్యాంకులు కాదన్న గృహస్థులకును అప్పులిచ్చుచు చాల పెద్దదైనది. 2008లో అమెరికా గృహఋణములు కుప్పగూలినపుడు, పేదలకు అప్పిచ్చుటయే దీనికి కారణమని కొందరు వాదించిరి. ఈ సంస్థ పూనికతో అప్పు పుచ్చుకొన్నవారిని, అంతే రాబడి గలిగి వ్యాపారుల వద్ద అధిక వడ్డీకి, మెలికల షరతులకు పుచ్చుకొన్నవారిని పండితులు పోల్చి చూచినారు. మొదటివారు చాలవరకు తీర్చుకొనివచ్చిరి. రెండవవారిలో మునిగినవారు చాల ఎక్కువ. బీదతనము ఇరువురకును సమానమే, అప్పు మాత్రమే వేరు.

ఇక వడ్డీ సంగతి కొంచెము చెప్పక తప్పదు. లాభము వలదన్నవారు వడ్డీ యెందుకు పుచ్చుకొందురని మా సంఘములోనే అడుగువారున్నారు. ఇటలీలో ఫ్రాన్సిస్ సాధువులు 1462లో పెరూజియా నగరమున బీదల తాకట్టు నిధి స్థాపించినపుడు ఈ తగవే వచ్చినది. వడ్డీ పాపమని వారి మతము చెప్పును. ఖర్చులు లేకుండ నిధి నడవదు. చివరకు 1515లో, ఖర్చులకు సరిపోవు స్వల్పమైన మొత్తము పుచ్చుకొనుట దోషము కాదని పోపు నిర్ణయము చేసెను. మన ధర్మశాస్త్రములు వడ్డీని అంగీకరించి, దానికి హద్దు పెట్టినవి. నెలకు నూటికి ఒకటింబావు ధర్మ్యమని కౌటిల్యుడు చెప్పెను. ఒకేసారి వసూలు చేయు వడ్డీ అసలును మించరాదను దామదుపటు నియమమును ఇంగ్లీషువారి న్యాయస్థానములు సైతము కొన్ని ప్రాంతములలో పాటించినవి. మా నిధి ఈ హద్దులకు చాల ఈవలనే యున్నది. కాబట్టి ఈ ప్రశ్న మమ్ము బాధింపదు.

మమ్ము బాధించు సంగతి వేరొకటి. అది మన తెలుగుదేశముననే జరిగినది.

స్త్రీల పొదుపు సంఘములు మన ప్రాంతములలో ఎంత మేలు చేసినవో ఈ సంపుటము చదువువారిలో తెలియనివారుండరు. 1992లో నాబార్డువారు 500 సంఘములను బ్యాంకులతో కలుపుటకై ప్రారంభించిన పని దేశమంతట వ్యాపించినది. ఆంధ్రప్రదేశమున అది మరి యెక్కువగా పెరిగినది. తమలో తాము పొదుపు చేసికొని, ఒకరి కొకరు పూచీ పడి అప్పు తెచ్చుకొనుట వారి పద్ధతి. పట్టా లేనివారికి పదిమంది ఎరుకయే పట్టా అయినది. దీనిని చూచి, లాభమునకు అప్పులిచ్చు కంపెనీలు అదే పద్ధతి నెత్తుకొనినవి. వానిలో కొన్ని మొదట సేవాసంస్థలుగా పుట్టి తరువాత కంపెనీలుగా మారినవి. ఒకటి 2010 ఆగస్టులో వాటాలు బజారులో అమ్మి అపారముగా ధనము కూర్చుకొనినది. ఒకే యింటికి మూడు నాలుగు కంపెనీల అప్పు. వారము వారము వసూలు. ఒకామె కంతు తప్పిన, తక్కిన స్త్రీలను ఆమె గుమ్మము ముందు కూర్చుండబెట్టుట. ఆత్మహత్యల వార్తలు పత్రికలలో రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లను అరికట్టవలసివచ్చినది.

చూడుడు, పద్ధతి యొక్కటే. హెడ్డెస్‌డోర్ఫ్‌లో పొరుగువాని పూచీ ఊతకర్ర యైనది. ఇక్కడ అదే దుడ్డుకర్ర యైనది. తేడా యెక్కడ వచ్చినది? మొదటిదానిలో అప్పిచ్చిన సంఘము తానును మునుగవచ్చును. రెండవదానిలో నష్టమంతయు పదిమంది పేదస్త్రీల తలపై పెట్టి, లాభము మాత్రము దూరముననున్న వాటాదారులకు పోయినది. పూచీ పడినవారికి గూడ పోగొట్టుకొనుటకు ఏమియు లేనపుడు, వారివద్ద రాబట్టదగినది పరువొక్కటే, దానినే రాబట్టిరి. అందుచేత, పేదలు ఒకరి కొకరు పూచీ పడుట చాలునని మేమిప్పుడు తలపలేకున్నాము. కొంచెము కలిగినవాడు, పోయినను తట్టుకొనగలవాడు, వారి ప్రక్కన నిలువవలెను. గలివరు యాత్రలు వ్రాసిన స్విఫ్టు, డబ్లిను నగరమున బీద పనివారికి తన సొమ్ములో 500 పౌనులు వడ్డీ లేకుండ చిన్న చిన్న మొత్తములుగా అప్పిచ్చి తిప్పుచుండెడివాడని చెప్పుదురు. ఇద్దరు ఇరుగుపొరుగువారి హామీ యడుగుచుండెను గాని, మూలధనము తనదే, మునిగినచో తనకే.

ఇంతవరకు చెప్పినదానికి, మా నాల్గవ కమిటీ సభ్యులు, మాకంటె పెద్దలు, తొణకని సమాధానము చెప్పినారు. "తమ్ముడూ, నువ్వు జర్మనీ చెప్పావు, అమెరికా చెప్పావు. మన నిధి చెరువు కాదు, కుండ. మనవాళ్లలోనే పదకొండుమంది ఎదురు చూస్తున్నారు. తమిళులకు ఇక్కడ ప్రభుత్వం ఉంది, బడి ఉంది, భాష ఉంది. మనకు ఉన్నది ఈ కుండ ఒక్కటే. దీన్ని కూడా వీధిలో పెడితే రేపు మన బిడ్డ ఎక్కడికి పోవాలి?" ఈ మాటలో న్యాయము లేదని మేము చెప్పజాలము. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో తక్కిన భాషారాష్ట్రములు ఏర్పడినపుడు గీతకు ఈవల పడినవారము మనము. మన బడులు ఒక్కొక్కటిగా తగ్గిపోవుట చూచినవారము. ఉన్నది కాపాడుకొనవలె నను తపన అల్పబుద్ధి కాదు. ఆయన తన జీవితమున సగము ఈ నిధికే వెచ్చించినారు.

అయినను రెండు సంగతులు ఆయన యెదుట ఉంచితిమి. ఒకటి, మా లెక్కల పుస్తకము. గడచిన పది సంవత్సరములలో తీరక మునిగిన బాకీలు మూడు. మూడును మనవారివే, వేరెవరికిని ఇచ్చియుండలేదు గనుక మరియొకరివి కాజాలవు! మాతృభాష తెలుగగుట బాకీ తీరుటకు పూచీ కాదని మాత్రము దీనివలన తెలియుచున్నది. ఆ మువ్వురిని గూర్చి విచారించి ఇచ్చినామా? లేదు. "మనవాడే గదా" అని యిచ్చితిమి. ఎరుక యని మనము చెప్పుకొనునది పలుమారు చుట్టరికమే. ఆ యిడ్లీలామెను వీధి యంతయు ఇరువది యేండ్లుగా ప్రతి ఉదయము చూచుచున్నది. ఆమె బియ్యపు అంగడి బాకీ నెల తిరుగకుండ తీర్చునని ఆ అంగడివారే చెప్పినారు. ఎవరిని మనము ఎక్కువ ఎరుగుదుము?

రెండవది మా యింటి సంగతి. మా తాతగారి పద్దుపుస్తక మొకటి మా పెట్టెలో నున్నది. తాతగారు ఈ ఊరికి వచ్చిన తొలిదినములలో మగ్గమున్నను నూలు లేదు. నూలు వర్తకుడు అప్పీయ నొల్లలేదు. ఊరు కొత్త, భాష కొత్త, చూపుటకు సెంటు భూమి లేదు. పుస్తకము మొదటి పుటలో నూలు బాకీ వ్రాసియున్నది. దాని క్రింద పూచీదారుని సంతకము తమిళమున నున్నది. గానుగ నడుపుకొను ఒక తమిళ పెద్ద, వీధి చివర నుండెడివాడట. ఆయన మా తాతగారికి చుట్టము కాదు, భాషవాడు కాదు. ఎందుకు పూచీ పడెనో మా యింట ఎవరికిని తెలియదు. ఆ గానుగయు లేదు, ఆ కుటుంబమువారు ఎక్కడికి పోయిరో కూడ తెలియదు. ఆ బాకీ తీరినట్లు మాత్రము గీత కొట్టియున్నది. విజయనగర ప్రభువుల కాలమున వచ్చినవారును, నాయకరాజుల కాలమున వచ్చినవారును, నిన్న మొన్న పనికై వచ్చినవారును, ఎవరి పెట్టెలు వారు వెదకికొన్న ఇట్టి సంతకములు మరికొన్ని కనబడవచ్చునని మా నమ్మకము.

పెద్దలు పుస్తకమును చేతికి తీసికొని చాలసేపు చూచినారు. "నాకు తమిళం చదవడం వచ్చు గదా" అని నవ్వి, పేరు చదివి, తిరిగి యిచ్చినారు. తమ అభిప్రాయము మార్చుకొన్నట్లు చెప్పలేదు. మేమును అడుగలేదు.

మూడవ నిబంధనకు మేము ప్రతిపాదించిన సవరణ క్లుప్తమైనది. మా పట్టణవాసులలో భాష యేదైనను, ఇద్దరు పూచీదారులతో వచ్చినవారికి నిధిలో అయిదవ వంతునకు మించకుండ అప్పీయవచ్చును; ఆ ఇద్దరిలో ఒకరు సంఘ సభ్యులై యుండవలెను; కంతు తప్పినచో పూచీదారుని సభలో నిలువబెట్టరాదు, గడువు పెంచుటయే మొదటి మార్గము కావలెను; మునిగిన బాకీని నిధియే భరింపవలెను. అయిదవ వంతు చాలదని యొకరు, అది కూడ ఎక్కువని యొకరు అప్పుడే వాదించుచున్నారు. ఆమె పూచీదారులను చూచుకొన్నది: ఒకరు మా సభ్యుల యింటి గృహిణి, రెండవవారు పని విరమించిన తమిళ ఉపాధ్యాయులు.

సర్వసభ్య సమావేశము సెప్టెంబరు చివరి ఆదివారమున జరుగును. కార్యక్రమములో సవరణ నాల్గవ అంశము. దాని ముందు లెక్కల ఆమోదము, పాఠశాల బహుమతులు, ఈ సంపుటపు ముద్రణ వ్యయము ఉన్నవి. ఈ ప్రాంతమున వానలు అక్టోబరులో మొదలగును. ఉత్తరపు వైపు కప్పు మీద ప్రస్తుతము నీలిరంగు టార్పాలిను కట్టియున్నది.